కాస్త ఫ్రేములోంచి తప్పుకుంటారా?

ఇంటి యజమానులకు ఈ మధ్య అహంకారం బాగా పెరిగిపోయింది. రిజిస్ట్రేషన్ కాగితమొకటి బీరువాలో ఉన్నంత మాత్రాన ఇల్లు తమదే అనుకుంటున్నారు. పన్ను మేమే కడుతున్నాం, కప్పు కారితే మేమే బాగు చేయించుకుంటున్నాం, నలభై ఏళ్లుగా ఇందులోనే ఉంటున్నాం అని దబాయిస్తున్నారు. ఉండి ఉండవచ్చు, కాదనం. కానీ మేం అందులో ఐదు సీజన్లు ఉన్నాం. పైగా మొత్తం రెండోసారి కూడా చూశాం. వాళ్లు ఆ ఇంట్లో గడిపిన నలభై ఏళ్లలో ఒక్క రోజునైనా రెండోసారి చూసుకున్నారా?

టీవీలో చూసిన ఇళ్లను వెతుక్కుంటూ దేశాలు దాటి వెళ్లే అభిమానుల తరఫున నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. మా మీద వస్తున్న అభాండాలు అన్నీ ఇన్నీ కావు. చెప్పాపెట్టకుండా వస్తారట. గొలుసులు దాటుతారట. కిటికీల్లోంచి తొంగి చూస్తారట. మమ్మల్ని దొంగలతో పోల్చినవాళ్లూ ఉన్నారు. దొంగలు చీకట్లో వస్తారు, చప్పుడు చెయ్యరు, పని కాగానే వెళ్లిపోతారు. ఈ మూడింటిలో ఒక్కటైనా మాకు వర్తిస్తుందా?

ముందుగా అల్బుకర్కీ సంగతి తేల్చాలి. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఊరిది. పక్కిళ్లకూ దానికీ పెద్ద తేడా లేని ఒంటి అంతస్తు ఇల్లొకటి అక్కడ ఉంది. 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘బ్రేకింగ్ బ్యాడ్’ సీరియల్లో అది వాల్టర్ వైట్ అనే కెమిస్ట్రీ మాస్టారి ఇల్లయింది. మాస్టారు మత్తుమందు తయారీలోకి దిగుతాడు, సంసారం బీటలు వారుతుంది. 2010లో వచ్చిన మూడో సీజన్లో ఒక పూట పెద్ద పిజ్జా పట్టుకుని ఇంటికొస్తాడు. భార్య లోపలికి రానివ్వదు. మొహం మీదే తలుపు వేస్తుంది. ఆ ఉక్రోషంలో పిజ్జాను గిరాటేస్తే, అది వెళ్లి గ్యారేజీ కప్పు మీద పరుచుకుంటుంది. నటుడు బ్రయన్ క్రాన్‌స్టన్ మొదటి టేకులోనే గురి కొట్టాడు.

షూటింగ్ వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ వీధికి మేం వచ్చాం. క్రాన్‌స్టన్ ఆరితేరిన నటుడు కాబట్టి ఒక్క టేకుతో సరిపోయింది. మాకు అలవాటు లేని పని, నాలుగైదు పడతాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ముక్కలు కోసిన పిజ్జా గాల్లోనే విడిపోతుంది. అందుకే సీరియల్లో కొయ్యని పిజ్జా వాడారు. కొయ్యకుండా ఎలా ఇచ్చారన్న అనుమానం ప్రేక్షకుడికి మిగిలిపోకూడదని, ఆ దుకాణంవాళ్లు ముక్కలు కొయ్యరు, అలా ఆదా అయిన డబ్బును కొనేవాళ్లకు ధరలో తగ్గిస్తారు అని తర్వాతి సీజన్లో ఒక పాత్రతో చెప్పించారు కూడా. అంత ముందుచూపున్న వాళ్లు, ఆ కప్పు కింద నిజంగా కాపురముంటున్న ఒక పెద్దావిడ ఉందన్న సంగతి మాత్రం మాతో చెప్పలేదు. కథలో ఆవిడ లేదు మరి.

చివరికి సీరియల్ సృష్టికర్త విన్స్ గిలిగనే 2015లో ఒక పాడ్‌కాస్టులో మొరపెట్టుకున్నాడు. ఆవిడ ఇంటి కప్పు మీదికి పిజ్జాలు విసరడంలో కొత్తదనమూ లేదు, తమాషా లేదు, గొప్పా లేదు, దయచేసి మానండని. కొత్తదనం లేదట! కొత్తదనం కావాలని మేమెప్పుడన్నాం? ముందు వచ్చినవాడు ఎక్కడ నిలబడి విసిరాడో అక్కడే నిలబడి, ఏ చేత్తో విసిరాడో ఆ చేత్తోనే విసరాలని కదా ఇంత దూరం వచ్చింది. పైగా ఆ రచయిత ఒక సూక్ష్మం మరిచిపోయాడు. వాల్టర్ ఎందుకు విసిరాడు? లోపలికి రానివ్వలేదని. మమ్మల్నీ రానివ్వలేదు. సన్నివేశానికి ఇంతకంటే న్యాయం ఎవరు చేస్తారు?

2017లో ఆ ఇంటివాళ్లు ముందువైపు ఆరడుగుల ఇనప కంచె వేయించుకున్నారు. పిజ్జాలు ఒక్కటే కాదు, వాకిట్లో పరుచుకున్న రాళ్లను కూడా గుర్తుగా పట్టుకుపోతున్నారని వాళ్ల ఫిర్యాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం పాపమన్నారు గానీ, తినని ఇంటి రాళ్లు లెక్కపెట్టి జేబులో వేసుకోవడం గురించి పెద్దలు ఏమీ అనలేదు. అన్నిటికన్నా వాళ్లను నొప్పించిన విషయం మరొకటి ఉంది, టీవీవాళ్లతో చెప్పుకున్నారు. వచ్చినవాళ్లు గ్యారేజీ తలుపు మూసెయ్యమంటున్నారట. ఫోటోలో అడ్డొస్తున్నారు, పక్కకు తప్పుకోమంటున్నారట. మా ఇంటి ముందు మాకే ఏం చెయ్యాలో చెబుతున్నారని వాపోయారు.

నాకిందులో తప్పేమీ కనపడలేదు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇల్లు మాత్రం చూసుకుంటాం, ఇల్లాలు కాసేపు పక్కకు జరిగితే చాలంటున్నాం. ఇంతకంటే తక్కువ కోరిక ఎవరైనా కోరగలరా?

2025 జనవరిలో ఆ ఇంటిని అమ్మకానికి పెట్టారు. అడిగిన ధర దాదాపు 40 లక్షల డాలర్లు. ఆ పేటలో మామూలు ఇళ్ల ధరకు ఎన్నో రెట్లు. దీన్ని చూపించి, చూశారా, మా వల్లే ఇంత విలువ వచ్చింది అని మావాళ్లు కాలరెగరేస్తున్నారు. నిజమే. ఆ ఇంట్లో ఉండటం ఎంత కష్టమైతే ఆ ఇంటి విలువ అంత పెరిగింది. ఈ సూత్రం ఏ ఆర్థికశాస్త్రంలోనూ నాకు కనపడలేదు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. డబ్బు తీసుకుని షూటింగుకు ఇచ్చింది వాళ్లే కదా, ఇప్పుడు ఏడిస్తే ఎలా అని. చాలా గట్టి ప్రశ్న. లొకేషన్ ఒప్పందం అనే కాగితం ఎలా ఉంటుందో చూస్తే ఇంకా గట్టిపడుతుంది. ఎన్ని రోజులు షూటింగు, రోజుకెంత అద్దె, గోడకు గీత పడితే ఎవరు బాగుచేయించాలి, అన్నీ అందులో ఉంటాయి. తీసిన దృశ్యాల మీద హక్కు కంపెనీకి శాశ్వతంగా ఉంటుందని కూడా ఒక వాక్యం ఉంటుంది. అద్దె రోజుల లెక్కన, బొమ్మ శాశ్వతంగా. ఇంటివాళ్లు రోజులు లెక్కపెట్టుకుని సంతకం పెడతారు. ఆ ‘శాశ్వతం’ అన్న మాటకు కాళ్లొచ్చి, సెల్‌ఫోను పట్టుకుని, రాత్రి పదకొండింటికి తమ తలుపు బెల్లు కొడుతుందని వాళ్లకు తట్టదు. సీరియల్ ఎన్ని దేశాల్లో ఎన్నిసార్లు అమ్ముడుపోయినా ఆ డబ్బు వెళ్లేది కంపెనీకి. ఆ సీరియల్ చూసినవాళ్లు మాత్రం కంపెనీ ఆఫీసుకు వెళ్లరు. అక్కడ సెక్యూరిటీ ఉంటుంది. ఉరుము ఉరిమి మంగళం మీద పడటమంటే ఇదే, కాకపోతే ఇక్కడ ఉరిమినవాడు బీమా కూడా చేయించుకుని ఉంటాడు.

ఇదంతా నేను పొరపాటున నిజాయితీగా రాసేశాను. మళ్లీ మా పక్షానికి వస్తాను.

న్యూయార్క్ సంగతి చూడండి. 1998 నుంచి 2004 దాకా వచ్చిన ‘సెక్స్ అండ్ ది సిటీ’ నాయిక క్యారీ బ్రాడ్‌షా కథ ప్రకారం అప్పర్ ఈస్ట్ సైడ్‌లో ఉంటుంది. ఆవిడ ఎక్కిదిగే మెట్లు మాత్రం ఎక్కడో కిందివైపు, గ్రీనిచ్ విలేజ్‌లో పెర్రీ స్ట్రీట్‌లో ఉన్నాయి. ఆవిడ గది క్వీన్స్‌లోని ఒక స్టూడియోలో ఉండేది. అంటే అడ్రసు ఒకచోట, గుమ్మం ఒకచోట, మంచం ఒకచోట. ఈ మూడింటిలో ఊళ్లో నిలిచి ఉన్నది, కూర్చుని ఫోటో దిగడానికి వీలైనది ఆ మెట్లే. కాబట్టి మొత్తం భారం వాటి మీదే పడింది.

ఆ ఇంటి యజమాని మొదట ఒక గొలుసు కట్టి చూసింది. ఎక్కవద్దని బోర్డు పెట్టింది. గొలుసంటే దాటడానికే కదా అని దాటారు. బోర్డంటే ఫోటోలో అందంగా ఉంటుందని దాని పక్కన నిలబడ్డారు. అర్ధరాత్రిళ్లు బెల్లులు మోగాయి. తలుపు చట్రం మీద కొందరు తమ పేర్ల అక్షరాలు చెక్కి వెళ్లారు. ఇక లాభం లేదని గేటు పెట్టించుకుందామనుకుంటే, అది అంత తేలిక కాదు. ఆ పేట 1969 నుంచి చారిత్రక ప్రాంతం. ఇల్లు పందొమ్మిదో శతాబ్దం నాటిది. దాని ముందువైపు ఏ మార్పు చెయ్యాలన్నా నగరంలోని కట్టడాల పరిరక్షణ కమిషన్ ఒప్పుకోవాలి. ఆవిడ దరఖాస్తు పెట్టుకుంది, తన బాధలు ఉత్తరంలో రాసుకుంది, డ్రాయింగులు వేయించింది, విచారణ జరిగింది. 2025 జనవరిలో కమిషన్ సరేనంది.

ఈ వ్యవహారంలో ఒక్క విషయం గమనించండి. తన మెట్లకు తాను గేటు పెట్టుకోవడానికి ఆవిడకు కమిషన్ అనుమతి కావాల్సి వచ్చింది. అదే తలుపు చట్రం మీద పేర్లు చెక్కినవాళ్లకు ఏ అనుమతీ అవసరం పడలేదు, డ్రాయింగులు కూడా ఎవరూ అడగలేదు. ఇంతకీ చరిత్రను కాపాడుతున్నది ఎవరు? ఆవిడ ఇల్లు పందొమ్మిదో శతాబ్దంలోనే ఆగిపోయి ఉంది. మేం దాన్ని ఎప్పటికప్పుడు తాజా పరుస్తున్నాం.

మా మీద మేధావులు చేసే విమర్శ వేరు. ఎంతో దూరం వెళ్లి మీరు చూసేది ఉత్త గోడ నాయనా అంటారు. కథంతా స్టూడియో సెట్టులో జరిగింది, వీధిలో తీసింది తలుపు దాకానే అంటారు. ఇది మాకు తెలియని రహస్యమన్నట్టు! చాలా సీరియళ్లకు ఇంటి బయటి షాట్ ఒకటి తీసి పెట్టుకుంటారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సీను మారినప్పుడల్లా దాన్నే రెండు మూడు సెకన్లు చూపించి, కట్ చేసి, లోపలి సెట్టుకు వెళతారు. ‘ఫ్రెండ్స్’ అనే సీరియల్ పదేళ్లు న్యూయార్క్ కథ చెప్పి, దాదాపు మొత్తం కాలిఫోర్నియా స్టూడియోలోనే తీసింది. ఆ గుంపు ఉండే భవనం మాత్రం న్యూయార్క్‌లో ఉంది, దాని మూలన ఇప్పటికీ జనం తలలెత్తి కిటికీలు లెక్కపెడుతుంటారు. మేం దర్శించుకునేది ఆ రెండు సెకన్లనే. పుణ్యక్షేత్రంలో దేవుణ్ని మాత్రం ఎంతసేపు చూడనిస్తారు?

పోనీ, లోపలికి రానిస్తే సమస్య తీరుతుందా అంటే, పెరుగుతుంది. లోపలికి వెళ్లినవాడికి మెట్లు కుడిపక్కన ఉండాల్సింది ఎడమపక్కన ఉంటాయి. సోఫా వెనక వంటగది ఉండదు. గోడ నాలుగు వైపులా ఉంటుంది. సెట్టులో మూడు వైపులే కదా, నాలుగో వైపు కెమెరా. ఇది చూసి అభిమాని మనసు విరిగిపోతుంది. తప్పు ఎవరిదనుకుంటాడు? ఇల్లు తప్పుగా కట్టారనుకుంటాడు.

ఈ తప్పును సరిదిద్దిన మహానుభావులూ లేకపోలేదు. 1969 నుంచి 1974 దాకా అమెరికాలో ‘ది బ్రేడీ బంచ్’ అనే కుటుంబ సీరియల్ వచ్చింది. ఆరుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు, ఒక పనావిడ. బయట చూపించిన ఇల్లు లాస్ ఏంజెలెస్‌లో ఒక మామూలు కుటుంబానిది. అది నిజానికి అంత ఎత్తు లేదు. రెండో అంతస్తు ఉన్నట్టు కనపడటానికి గోడకు ఉత్తుత్తి కిటికీ ఒకటి తగిలించి షాట్ తీశారు. 2018లో ఆ ఇల్లు అమ్మకానికి వచ్చింది, అడిగింది 18 లక్షల 85 వేల డాలర్లు. హెచ్‌జీటీవీ అనే ఛానల్ పోటీపడి 35 లక్షలకు కొంది. కొని ఏం చేసింది? స్టూడియోలో ఉండిన సెట్టు ఎలా ఉండేదో పాత ఎపిసోడ్లు చూసుకుంటూ, మరో 19 లక్షలు పోసి, అచ్చంగా అలాగే ఇంటి లోపల కట్టించింది. సీరియల్లో పిల్లలుగా వేసిన ఆరుగురినీ పెద్దయ్యాక పిలిపించి, ఆ కట్టడాన్నే ఇంకో షోగా 2019లో ప్రసారం చేసింది.

ఈ ఘనకార్యాన్ని నెమ్మదిగా మళ్లీ చదువుకోండి. అసలు ఇంటిని చూసి బొమ్మ ఇల్లు కడతారని మనం ఇన్నాళ్లూ అనుకున్నాం. ఇక్కడ బొమ్మ ఇంటిని చూసి అసలు ఇంటిని దిద్దారు. సీరియల్లో పిల్లల బాత్‌రూమును ఎన్నోసార్లు చూపించారు గానీ, అందులో కమోడ్ ఎప్పుడూ కనపడలేదు. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో! ఐదేళ్లు! ఇలాంటి వాటిని నిజమైన ఇంటివాళ్లు చిన్న లోపమనుకుంటారు, మేం స్వచ్ఛత అంటాం. మొత్తం 54 లక్షలు పోసిన ఆ ఇంటిని 2023లో 32 లక్షలకు అమ్మారు. ఇల్లు కొని పోగొట్టుకున్నవాళ్లను చూశాం గానీ, ఒక జ్ఞాపకాన్ని ఇటుకలతో కట్టి పోగొట్టుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నాం.

శాన్ ఫ్రాన్సిస్కోలో ‘ఫుల్ హౌస్’ ఇంటిని 2016లో ఆ సీరియల్ సృష్టికర్త జెఫ్ ఫ్రాంక్లిన్ దాదాపు 40 లక్షల డాలర్లకు తానే కొనుక్కుని, తలుపుకు మళ్లీ సీరియల్లోని ఎర్ర రంగు వేయించాడు. ఆ దెబ్బకు వీధిలోకి జనం ఇంకా పెరిగి, చివరికి 2018లో నగర రవాణా సంస్థ తొమ్మిదిమంది, అంతకు మించి పట్టే టూరిస్టు వాహనాలు ఆ వీధిలోకి రాకూడదని తీర్మానించింది. ఎనిమిదిమంది పట్టేవి రావచ్చు. అభిమానం ఎనిమిది దాకా అభిమానం, తొమ్మిదో మనిషితో న్యూసెన్స్ అవుతుందన్న మాట. మెల్‌బోర్న్‌లో ‘నైబర్స్’ సీరియల్ 1985 నుంచి ఒక నిజమైన వీధిలో తీస్తుంటే, అక్కడ కాపురముండేవాళ్ల కోసం రాత్రీ పగలూ కాపలా పెట్టాల్సి వచ్చింది. స్కాట్లండ్‌లో టోబర్‌మరీ అనే రేవు ఊళ్లో రంగురంగుల ఇళ్లను చిన్నపిల్లల కార్యక్రమం ‘బాలమోరీ’లో చూపించాక, తల్లిదండ్రులు పసివాళ్లను చంకనేసుకుని వచ్చి ఆ తలుపులు తట్టారు. తలుపు తీసినవాళ్లు టీవీలో మనుషులు కాదని తెలిసి పసివాళ్లు బిక్కమొహం వేశారు. ఆ ఏడుపు పాపం ఎవరి ఖాతాలో రాయాలో ఇంటివాళ్లే చెప్పాలి. పారిస్‌లో ‘ఎమిలీ ఇన్ పారిస్’ సీరియల్ తీసిన చోట ఎవరో గోడ మీద ఎమిలీకి ఇక్కడ స్వాగతం లేదని రాశారు. ఆ రాతతో కూడా ఫోటోలు దిగాం, బాగా వచ్చాయి.

స్విట్జర్లండ్‌లో ఇజెల్ట్‌వాల్డ్ అనే పల్లె ఒక్కటే మా మనసెరిగి ప్రవర్తించింది. నాలుగైదు వందల జనాభా. కొరియా సీరియల్ ఒకదాంట్లో హీరో అక్కడి సరస్సు గట్టు మీది చెక్క వంతెన చివర కూర్చుని పియానో వాయించాడు. జనం పోటెత్తారు. పల్లెవాళ్లు వంతెనకు తిరిగే గేటు బిగించి మనిషికి 5 ఫ్రాంకులు పెట్టారు. డబ్బు తీసుకుంటే పర్యాటకం, తీసుకోకపోతే చొరబాటు. ఈ తేడా ఇంగ్లండులోని పెద్దింటివాళ్లకు ఇంకా ముందే తెలుసు. ‘డౌన్‌టన్ ఆబీ’ తీసిన హైక్లియర్ కోట కూడా ఎవరో ఒకరి సొంత ఇల్లే, కార్నార్వన్ ప్రభువుది. వాళ్లు టికెట్టు పెట్టి, తేదీలు ప్రకటించి, దుకాణం తెరిచి, వచ్చిన డబ్బుతో కోటకు మరమ్మతులు చేయించుకున్నారు. అక్కడ మేం చెప్పులు తుడుచుకుని, తాడు దాటకుండా, గొంతు తగ్గించి నడుస్తాం. అల్బుకర్కీలో పెద్దావిడ ముందు గొంతు ఎందుకు తగ్గలేదంటారా? ఆవిడ టికెట్టు పెట్టలేదు. ఉచితమైనదాన్ని గౌరవించడం మాకు ఎవరూ నేర్పలేదు.

అయితే వేల్స్‌లో బ్యారీ అనే ఊళ్లో ఒకావిడ ఉంది. ‘గావిన్ అండ్ స్టేసీ’లో స్టేసీ ఇల్లు ఆవిడదే. తలుపు తట్టినవాళ్లను ఆవిడ లోపలికి పిలిచి ఇల్లంతా చూపిస్తుంది. ఇలాంటివాళ్లతోనే మాకు పెద్ద చిక్కు. పిలవని పేరంటానికి వెళ్లడంలో ఉన్న రుచి పిలిచాక ఎక్కడుంటుంది? రండి, కూర్చోండి అని ఎదురొచ్చిన మనిషి ముందు పరదా సందుల్లోంచి తొంగి చూడటం ఎలా? మొహమాటంతో వంగి నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. ఇక మాకూ చుట్టాలకూ తేడా ఏముంది?

ఫోన్లలోని మ్యాపులు మాత్రం మాకు అండగా ఉన్నాయి. ఇలాంటి ఇళ్లలో కొన్నిటి మీద దర్శనీయ స్థలమన్న గుర్తు పెట్టి, కింద నక్షత్రాలు ఇచ్చే వీలు కల్పించాయి. ఇల్లు బాగుంది గానీ ఇంట్లోవాళ్లు మర్యాదగా లేరని రాసి ఒక నక్షత్రం తగ్గించవచ్చు. ఎవరి ఇంటికైనా వెళ్లి, బయటే నిలబడి, మీ ఇంటికి మూడు నక్షత్రాలు అని చెప్పి వచ్చే అవకాశం మన తాతలకు లేదు. వాళ్లు పాపం లోపల భోంచేసి వచ్చి, పక్కింట్లో చెప్పుకునేవాళ్లు.

నా విషయానికి వస్తే, నేను ఒక్కసారే వెళ్లాను. ఏ సీరియలో, ఏ ఊరో చెప్పను. కాలిబాట మీద నుంచి ఫోటో తీసుకుంటే చట్టం అభ్యంతర పెట్టదని ముందే కనుక్కుని మరీ వెళ్లాను. నలుగురు వరసలో ఉన్నారు, నేను ఐదోవాణ్ని. నా వంతు వచ్చేసరికి కాలిబాట కొంచెం ఇరుకనిపించి రెండు మెట్లు ఎక్కాను. రెండే. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. తలుపు, దీపం, మెట్లు, నేను, అన్నీ సీరియల్లో ఉన్నట్టే ఉన్నాయి. రాత్రి హోటల్ గదిలో పెద్దది చేసి చూస్తే పై అంతస్తు కిటికీలో పరదా కొంచెం పక్కకు జరిగి ఉంది. సందులో ఒక చెయ్యి, సగం మొహం. వెళ్లిపోయామా లేదా అని చూస్తున్నట్టుంది. ఆ సీరియల్ మొత్తం రెండుసార్లు చూశాను, అలాంటి పాత్ర ఎక్కడా లేదు. పైభాగం కత్తిరించేసి, ఫోటో పెట్టేశాను.